రెండో చరణానికి ముందు

బావా,

మొన్న మన ఆర్కెస్ట్రా కచేరీలో, గాజువాకలో నువ్వు ఆదివారాలు వయొలిన్ నేర్పిన పిల్లలు వాయించారు. నువ్వు పోయాక వాళ్లు స్టేజీ ఎక్కడం ఇదే మొదలు. క్లాసులోలాగే తబలా నాదే.

రిహార్సల్లో రెండో చరణానికి ముందు అందరి కమానులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. కొత్త కండక్టర్ విసుక్కున్నాడు. నీ పెద్ద శిష్యురాలు లక్ష్మి లేచి, "మేస్టారు ఎప్పుడూ ఇక్కడ ఆగీవోరండి. పాటే అలాగుందనుకున్నాం," అంది.

పాట అలా లేదు. పాడుతూ వాయించి చూపేవాడివి కదా, చివరి ఏడాది అక్కడికొచ్చేసరికి ఊపిరి చాలక నీకు దగ్గు తెర వచ్చేది. కమాను దించి, దగ్గి, రెండు గుక్కల నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకునేవాడివి. పిల్లలు దాన్నీ నేర్చేసుకున్నారు.

ఆ సంగతి వాళ్లకి చెప్పబుద్ధి కాలేదు. కండక్టర్‌ని పక్కకి పిలిచి, "అదలా ఉండనీండి బాబూ," అన్నాను. నీకైతే కోపం వచ్చేదే, తప్పు నేర్పడం నీకు గిట్టదు.

కచేరీలో అందరం అక్కడ ఆగాం. నా చెయ్యి మాత్రం తబలా వదిలి, నీకందించడానికి నీళ్ల సీసా కోసం పక్కన తడుముకుంది.