పసుపు అంటిన జెర్సీ

ఫార్మింగ్టన్ హిల్స్, అమెరికా

వదినగారికి నమస్కారాలు.

ఆద్యను బేస్‌బాల్ మాన్పించమన్నారు. మీ తమ్ముడు కూడా అదే అన్నారు. మగపిల్లల టీమ్‌లో అది ఒక్కతే ఆడపిల్ల.

అందరూ తెల్లవాళ్లే ఆడే రోజుల్లో పెద్ద లీగ్‌లో అడుగుపెట్టిన నల్లజాతి ఆటగాడిని తలచుకుంటూ, మొన్న మ్యాచ్‌కి టీమ్ పిల్లలందరికీ ఆయన నంబరున్న తెల్ల జెర్సీలు ఇచ్చారు. కొత్త బట్ట కదా అని కాలరుకు పసుపు పెట్టాను. అవతలి టీమ్ పిల్లలు ఆ మరక చూసి, “ఏయ్ మస్టర్డ్, గో హోమ్!” అని, ఇక్కడి పచ్చటి ఆవ సాస్ పేరు పెట్టి వెక్కిరించారట. ఇక ఆడనని ఏడ్చింది.

ఆ సాయంత్రం నేనూ ఆద్యా ఆ ఆటగాడి పాత వీడియో చూశాం. చుట్టూ జనం వెక్కిరిస్తూ అరుస్తున్నా ఆయన పరుగుకు సిద్ధంగా నిలబడి ఉన్నారు. మర్నాడు పూజలో కళ్లు మూసుకుంటే, స్వామి పక్కన మట్టి అంటిన తెల్లబట్టల్లో ఆయనే కనిపించారు. తప్పో ఒప్పో తెలియదు, దణ్ణం పెట్టుకున్నాను.

కళ్లు తెరిచేసరికి ఆద్య అదే జెర్సీ వేసుకుని ఎదురుగా ఉంది.

“మరక పోలేదే. కొత్తది అడగనా?” అన్నాను.

“వద్దమ్మా. ప్రాక్టీస్‌కి లేట్ అవుతోంది, డ్రైవ్ చేస్తావా?” అంది.

తీసుకెళ్లాను. రేపూ తీసుకెళ్తాను వదినగారూ, మన్నించండి.

మీ మరదలు