జపాను హోటల్లో రాజోలు పెద్దమనిషి

బెంగళూరు,
ఆదివారం.

ప్రియమైన సుజాతక్కకు, బావగారికి,

ప్రభువు కాపుదలలో మీరంతా చల్లగా ఉన్నారని నమ్ముతూ మీ జ్యోతి వందనాలు. నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, అమ్మని కంగారుపడొద్దని చెప్పు. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? చిన్నిగాడు బడికి వెళుతున్నాడా?

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. సునీత నా పక్క మంచం మీదే ఉంటుంది, ఫోన్లో ఈ సంగతి చెప్పలేను. సునీత అంటే మన కొత్తపేట అమ్మాయి, నాతోపాటే ఆసుపత్రిలో నర్సు. ఇక్కడ రోజూ ముసురే. ఉతికిన యూనిఫాం ఆరదు. మెస్సులో సాంబారు తియ్యగా ఉంటుంది. చర్చిలో తెలుగు ఆరాధనకు వెళ్ళినప్పుడు మాత్రం కాస్త ప్రాణం లేచి వస్తుంది.

అక్కడే మోహన్‌గారని ఒకాయన పరిచయమయ్యారు. నర్సులను జపాను పంపిస్తారట, అక్కడ ముసలివాళ్ళను చూసుకునే పని. "మాదీ మీ వైపేనండి, రాజోలు, ఆయ్!" అన్నారు. సునీత మురిసిపోయింది. "రాజోల్లో ఎక్కడండీ?" అని నేనడిగాను. "సెంటర్లోనేనండి" అని, వెంటనే వాన గురించి మాట్లాడారు. అప్పుడే నాకు ఎక్కడో గుచ్చుకుంది.

కిందటి వారం శనివారం, సర్టిఫికెట్లు చూడాలి వెంట తెమ్మని చెప్పి మమ్మల్ని భోజనానికి పిలిచారు. "ఆళ్ళ తిండి అలవాటు చేసుకోవాలి కదండీ" అని పెద్ద జపాను హోటలుకి తీసుకెళ్ళారు. కుర్రకారంతా ఫొటోలు తీసుకునే చోటు. గుమ్మానికి నీలం గుడ్డ తెర, లోపల నేలమీద కూర్చుని కాళ్ళు బల్ల కిందున్న గోతిలోకి జారవిడవాలి. జపాను కోటు వేసుకున్న అమ్మాయి కన్నడంలో మాట్లాడింది. ఊరికే భోజనం పెట్టేవాళ్ళెవరే అని నేను సునీత చెవిలో అంటే మోచేత్తో పొడిచింది.

తిండి సంగతి ఏం చెప్పనక్కా. ముందు గిన్నెడు చారు వచ్చింది, చారు మరిగించిన గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది. తర్వాత పలకలాంటి నల్లరాతి మీద చల్లారిన అన్నం ముద్దలు, ఒక్కోదాని మీద పల్చటి పచ్చిచేప ముక్క. వాసన చూశాను. ఏ వాసనా లేదు. చేపకి చేప వాసనైనా లేకపోతే ఎలా నమ్మడం? కళ్ళు మూసుకుని ఒకటి మింగాను. సునీత మాత్రం "బాగుందండీ, చాలా బాగుందండీ" అంటూ మింగుడుపడక కళ్ళనీళ్ళతో తింటోంది.

మోహన్‌గారు ఆ చేప ముట్టుకోలేదు. ఆరేళ్ళు జపానులో ఉండొచ్చానన్న మనిషి నూడుల్స్ తెప్పించుకుని, తినడానికిచ్చిన పుల్లలు పక్కనపెట్టి ఫోర్కు అడిగారు.

"మీరు తినరేంటండీ?" అన్నాను.

"అక్కడ తినీ తినీ మొహం మొత్తేసిందమ్మా."

ఐస్‌క్రీం తింటుండగా అసలు మాట బయటికొచ్చింది. "మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు నా దగ్గర ఉంచండమ్మా, పని తొందరగా అయిపోద్ది."

"జెరాక్సులు చాలవాండీ?" అన్నాను.

"నమ్మకం లేకపోతే ఎలాగండీ? మనం మనం ఒక వైపోళ్ళం."

నేను తేలేదని అబద్ధం చెప్పాను. సునీత తెచ్చింది, ఇచ్చేసింది. టేబుల్ కింద దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నా విదిలించుకుంది. గదికొచ్చి మాగాయ కలుపుకుని తింటున్నా దాని సర్టిఫికెట్ల మీదే ధ్యాస. నాలుగేళ్ళ చదువుకి మిగిలింది ఆ కాగితాలే కదా.

సోమవారం డ్యూటీ దిగగానే దాన్ని దాదాపు లాక్కుని ఆయన ఆఫీసుకి వెళ్ళాను. దెబ్బలాడ్డానికి సిద్ధమై వెళ్ళానక్కా. ఆయన కోప్పడలేదు. బీరువా తీసి ఫైలు ఇచ్చేశారు. "చూసుకోండి, అన్నీ ఉన్నాయా" అన్నారు. ఆయ్ లేదు, అండీ లేదు. మా ముఖాలకేసి కూడా చూడలేదు.

మెట్లు దిగుతూ సునీత ఏడ్చింది. "దొంగైతే అడగ్గానే ఇచ్చేత్తాడేంటే? మా తమ్ముడి చదువు ఈ ఉద్యోగం మీదే ఉందని నీకు తెల్సు కదా!" అంది. అప్పట్నుంచి అవసరానికి తప్ప నాతో మాట్లాడదు. ఆయన మంచివాడే అయితే దాని నోటి దగ్గర ముద్ద నేనే తీసేసినట్టు కదా? కానీ గుడ్డిగా ఊరుకోవడానికి మనసొప్పలేదు.

బావగారికి రాజోల్లో తెలిసిన మేష్టార్లున్నారు కదా. అలాంటి మనిషి ఉన్నాడో లేడో కనుక్కుని చెప్పమను. మంచివాడని తేలితే నేనే సునీతని వెంటబెట్టుకెళ్ళి ఆయనకి క్షమాపణ చెబుతాను.

ఇంతవరకూ రాసేసరికి సునీత వచ్చి నా వెనక నిలబడింది. దాచబోయాను. "దాయకు, ఏం రాత్తన్నావో తెల్సులే" అంది. వారం తర్వాత ఇదే మొదటి పెద్ద మాట. పక్కన కూర్చుని, "ఆయన ఇంటిపేరు కూడా రాయి. మీ బావగారికి ఎతకడం తేలికవుద్ది" అంది. వేరే కాగితం మీద తనే రాసిచ్చింది. ఇందులో పెట్టాను.

అమ్మకి, పాస్టరు గారికి, ఎదురింటి మామ్మగారికి నా వందనాలు. చిన్నిగాడికి ముద్దులు. మా ఇద్దరి కోసం ప్రార్థన చెయ్యండి.

మీ ప్రార్థనలు కోరే చెల్లెలు,
జ్యోతి