శొంఠి మానేసిన బీరు

శ్రీధర్,

నువ్వు పోయి ఏడాదైంది. ఫ్రీమాంట్‌లో ఇంట్లో చేసిన బీర్ల పోటీకి ఈసారి నేను వెళ్లాను, గ్యారేజ్ ఫ్రిజ్‌లో మిగిలిన నీ ఆఖరి బీరు సీసాలు పట్టుకుని. జడ్జి నీ పాత దేవుడే. గుక్క నోట్లో పోసుకుని, కళ్లు మూసి, మోక్షం దొరికినవాడిలా తలాడించే ఆ ఎర్రగడ్డం.

నీ మొదటి బీరులో శొంఠి, బెల్లం ఉండేవి. దగ్గుమందు వాసనన్నాడు, శొంఠి మానేశావు. మరుసటేడు బెల్లం ఎక్కువన్నాడు, అదీ మానేశావు. "గడ్డముంటే నాలుకున్నట్టేనా?" అని నేనంటే, "సర్టిఫైడ్ జడ్జే, ఆయనకి తెలీదా? ఫీడ్‌బ్యాక్ తీసుకోవాలి" అనేవాడివి. కట్టుకున్నదాన్ని, నేనేం చెప్పినా అంత వినలేదు నువ్వు.

ఈ బీరు అతను చెప్పినవన్నీ దిద్దుకుని చేసిందే. తాగి పెదవి విరిచాడు. "తప్పేం లేదు. కానీ చేసిన మనిషి ఇందులో ఎక్కడా కనబడటం లేదు" అన్నాడు.

అక్కడే కడిగేద్దామనుకున్నాను, సీసాలు సర్దుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి మిగిలిన సీసా తెరిచి రుచి చూశాను. ఆ వెధవ మొదటిసారి నిజం చెప్పాడు.

నీ చేత్తో చేసిన ఆఖరిదని కూడా చూడకుండా సింకులో పారబోశాను.