వాకిట్లో వేపమండలు

పొన్నమ్మత్తా,

నేను నా కేసు చూస్తున్న లాయరమ్మ ఇంట్లో ఉన్నాను, ఏ పేటో మాత్రం రాయను. జ్వరం పోయింది, అన్నం సయిస్తోంది. ఫోన్ చేస్తే మా కంపెనీవాళ్లు వింటారేమోనన్న భయంతో ఉత్తరం రాస్తున్నాను.

నాకు పోసింది అమ్మవారు కాదత్తా. నేను రోజూ కడిగే ఎలుకల బోనుల్లో మా మందుల కంపెనీ పెంచిన వైరస్. వాళ్లు మందు ముందే తయారుచేసుకుని, దానికి తగిన జబ్బును తరువాత పుట్టించారట. లాయరమ్మకు దొరికిన కాగితాల్లో తేదీలతో సహా ఉంది.

నా ఒంటిమీద పొక్కులు చూసి నువ్వు గుమ్మానికి వేపమండలు కట్టావు. ఆస్పత్రికి పోనివ్వలేదని, నీదంతా మూఢనమ్మకమని నిన్ను ఎన్నేసి మాటలన్నానో. మూడోరోజు నన్ను తీసుకుపోవడానికి కంపెనీ వ్యాను వస్తే, నువ్వు గడపలో కూర్చుని, "ఈడ అమ్మ వచ్చుండాది. చెప్పులేసుకోని ఎవురూ లోపలికి రాకూడదు, బిడ్డను బయటికి పంపేది లేదు" అన్నావు. డ్రైవరు చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

నాతో పనిచేసే అలమేలు అదే వ్యాను ఎక్కింది. ఇప్పటికీ ఇంటికి రాలేదు.

నేను బతికుండటమే కాదు, మన తొండియార్‌పేట వీధిలో ఇంకెవరికీ అంటకపోవడం కూడా నీ చలవే.

సోమవారం కోర్టులో అలమేలు సంగతీ చెబుతాను. అందాకా నేను ఇంట్లోనే పడుకుని ఉన్నానని వాళ్లు అనుకోవాలి. ఎవరైనా వస్తే, అమ్మ ఇంకా దిగలేదని, తలకు నీళ్లు పోయలేదని చెప్పు. వేపమండలు వాడిపోయుంటే కొత్తవి కట్టు. ఈసారి ఏమీ అనను.

నీ మేనకోడలు