లిఫ్టు గొంతు

ప్రియమైన శ్రీవారికి,

'ప్రియమైన' అని అలవాటు కొద్దీ రాశాను, మురిసిపోకండి. అక్క వాళ్లింటికి చేరాను. బావగారు నా కుట్టుమిషను వరండాలో పెట్టించారు. స్కూలు యూనిఫారాల పని దొరికింది కాబట్టి ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు.

ఎందుకు వెళ్లిపోయావని మీరు అడగలేదు. అయినా చెబుతాను. లిఫ్టుల కంపెనీలో ఫోను ముందు కూర్చుని, అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన వాళ్లకి మెకానిక్ వచ్చేదాకా ధైర్యం చెప్పే ఉద్యోగం మీది. మంచి ఉద్యోగమే. కానీ ఏడో నెలలో బిడ్డ పోయి, ఆసుపత్రి మంచం మీద నేను గుక్కపట్టి ఏడుస్తుంటే, అదే గొంతు పెట్టి "కంగారుపడకు, నెమ్మదిగా ఊపిరి తీసుకో, నేను లైన్లోనే ఉన్నాను" అన్నారు. మంచం పక్కన నిలబడి లైన్లో ఉన్నారట. ఆ రోజు నుంచి మీ గొంతు వింటే ఒళ్లు మండుతోంది. ఇంట్లో ఉప్పు ఎక్కడుందని అడిగినా ఆ గొంతే. నేను లిఫ్టులో ఇరుక్కోలేదండీ.

ఇట్లు,
ప్రస్తుతానికి మీ భార్య


ప్రియమైన శ్రీమతికి,

ఉత్తరం అందింది. నీ బాధ అర్థమైంది. ఇలాంటప్పుడు కోపం రావడం సహజం, దాన్ని అణచుకోకు.

పొద్దున్నే కాసేపు నడువు. పడుకునే ముందు టీ తాగకు. మనసులో చెడ్డ ఆలోచన మొదలైతే చుట్టూ కనిపించే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పుకో. మా శిక్షణలో నేర్పారు, చాలామందికి గుణం కనిపించింది.

ఇక్కడ అంతా బాగానే ఉంది. వంటింటి కుళాయి కారుతుంటే బాగుచేయించాను. నీకు వీలైనప్పుడే రా, తొందరేమీ లేదు.

నీ క్షేమం కోరే,
నీ భర్త


శ్రీవారికి,

మీరు చెప్పినట్టే వస్తువుల పేర్లు చెప్పుకున్నాను. కత్తెర, టేపు, దారపుండ, బండరాయిలాంటి మొగుడు. నిజంగానే మనసు తేలికపడింది, థాంక్సు.

పెళ్లాం ఇల్లు వదిలిపోతే తొందరేమీ లేదని రాసిన మగాణ్ని మిమ్మల్నే చూశాను. మీ ఉత్తరం చదివి, మీరెంత నెమ్మదస్తులో అని బావగారు పొంగిపోయారు. ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను. పాపం, మీ వాటా ఆయనకు దక్కింది.

ఇక అసలు సంగతి. నేను మత్తులో ఉండగానే బిడ్డను తీసుకెళ్లిపోయారు. చూసుకునే రాత నాకు లేదు. మీకేమైంది? మీరు తెలివిలో ఉన్నారు, తలుపు బయటే ఉన్నారు. చూశారా అని అడిగితే "ఇప్పుడు వాటి గురించి ఆలోచించకు" అన్నారు. అంటే చూడలేదనే కదా. సొంత కూతురి మొహం చూడబుద్ధి కాని మనిషితో నేను కాపురం చేయలేను. వచ్చే వారం లాయరు దగ్గరికి వెళ్తున్నాను. కాగితాలు వస్తాయి, సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
మా అక్క చెల్లెలు


ఏమే,

'ప్రియమైన' రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న ఒకావిడ లిఫ్టులో ఇరుక్కుంది. ఎవరైనా వస్తున్నారా అని పదే పదే అడుగుతోంది. లాయరు అంటూ నువ్వు రాసిన ఉత్తరం నా జేబులో ఉంది. "నాకేం తెలుసమ్మా, ఎవరూ రారు" అని అరిచాను. సూపర్‌వైజరు ఫోను లాక్కుని, ఆవిడకి తనే సర్దిచెప్పి, నన్ను ఇక రావద్దన్నాడు. నీ కళ్లు చల్లబడ్డాయా?

చూడలేదా నేను? నర్సు గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టింది. ఎత్తుకున్నాను. ముక్కు నీదే, కొస దగ్గర కాస్త పైకి తిరిగి ఉంది. వేళ్లు నావి, పొడుగు. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు నువ్వు నుదురు ముడేస్తావే, అలాగే ముడేసి ఉంది. నర్సు తిరిగి ఇమ్మంటే ఇవ్వలేదు. బతిమాలితే ఇచ్చాను.

ఎందుకు చెప్పలేదంటావు. లోపల ఉన్నవాళ్లకి బయటి సంగతి చెప్పకూడదు, మా పనిలో మొదట నేర్పేది అదే. ఏం తెగింది, ఏం విరిగింది, ఏదీ అనకూడదు. తలుపు తెరుచుకునేదాకా ధైర్యం చెబుతూ ఉండాలి. నువ్వు కోలుకున్నాక చెబుదామని కూర్చున్నాను. నువ్వు కోలుకోలేదు, నేను నోరు విప్పలేదు.

కానీ నువ్వేం చేశావు? కడుపుతో ఉండి కుట్టిన చిన్న గౌన్లన్నీ నేను ఆఫీసు నుంచి వచ్చేలోపు ఎవరికో ఇచ్చేశావు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నాకోసం ఉంచాలనిపించలేదా? అది నాకు కూతురు కాదా? నిన్ను నేను క్షమించలేదు. పంపించు కాగితాలు.

నీ మొగుడు


ఏమండీ,

మీ ఉత్తరం అక్క చదవబోతే లాక్కున్నాను.

లాయరు దగ్గరికి ఇవాళ వెళ్లాలి, వెళ్లలేదు. మీ మీద జాలిపడి అనుకోకండి. ఇంత కోపం ఆ కాగితాల్లో పట్టదు. దారిన పోయే ప్రతి పసిబిడ్డలో నేను దాని మొహం వెతుక్కుంటుంటే, మీరు ఒక్కరే దాచుకుని కూర్చున్నారు. నన్ను లోపల పెట్టి తలుపు వేసింది మీరే.

గౌన్లు ఎందుకిచ్చేశానో ఎదురుగా చెబుతాను. మీరు అరవండి, నేనూ అరుస్తాను. ఇరుగుపొరుగు వింటే విననివ్వమని అక్కకి ముందే చెప్పాను. ఉద్యోగం ఎలాగూ పోయింది కదా, ఉత్తరం అందగానే బయలుదేరండి. నెమ్మదిగా మాట్లాడారంటే గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తాను.

తల దగ్గర్నుంచి కాళ్ల దాకా మొత్తం చెప్పాలి. ముక్కు గురించి రాశారు, వేళ్ల గురించి రాశారు. జుట్టు ఉందో లేదో రాయలేదు.

మీ భార్య