తెల్ల కవరు కోసం ఎనిమిది నెలలు

మార్చి 4

మా ఆయనకు గుండెలో వాల్వు మార్చాలట. ఈ నెల 24న ఆపరేషన్. డాక్టర్ బొమ్మ గీసి మరీ చెప్పాడు. మా ఆయన ముప్పయ్యేళ్లు బస్సు ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఆ బొమ్మ చూసి, వాల్వు పోతే వాల్వే కదండీ మార్చేది, ఇంజన్ దింపక్కర్లేదు కదా అని అడిగాడు. డాక్టర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఖర్చు గురించి మాత్రం బెంగ లేదు. నా గవర్నమెంటు హెల్త్ కార్డులో ఆయన పేరు కూడా ఉంది. నేను రిటైరై ఎనిమిది నెలలైంది. పెన్షన్ ఇంకా మొదలుపెట్టుకోలేదు. రెండేళ్లు ఆగి తీసుకుంటే బతికినంతకాలం ఎక్కువ వస్తుంది. పెన్షన్ సెక్షన్‌లో కూర్చుని ఈ సలహా ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. పెన్షన్ తీసుకునేవాళ్లకు కార్డు ప్రీమియం అందులోంచే కోసేస్తారు. నాలాగా ఆగినవాళ్లకు మూడు నెలలకోసారి బిల్లు ఇంటికి వస్తుంది, కట్టుకోవాలి.

ఆ బిల్లు ఇంతవరకు రాలేదు. మా ఆఫీసు నత్తనడక నాకు తెలియనిదా.

మార్చి 6, ఉదయం

ఆసుపత్రి బిల్లింగ్ క్లర్కు ఫోన్ చేసింది. కార్డు పనిచెయ్యట్లేదు మేడమ్, మీవైపు ఒకసారి చూసుకోండి అంది. ముందు మీ మెషీన్ చూసుకోండి అన్నాను. ఇంకా చాలా అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు నాది అంటూ రూల్ నంబర్లతో సహా అప్పజెప్పాను. ఆమె చివరిదాకా విని, సరే మేడమ్ అని పెట్టేసింది.

మార్చి 6, సాయంత్రం

డ్రాయర్ తీశాను. గోధుమరంగు కవర్లు మూడున్నాయి. ఒక్కటీ విప్పలేదు.

ఆ రంగు కవర్లో వచ్చేది సమాచార నోటీసు. ఇది బిల్లు కాదు అని మొదలవుతుంది. ఆ వాక్యం డ్రాఫ్ట్ చేసింది నేనే. తను రాసిన ఉత్తరాన్ని తనే ఎవరైనా విప్పి చదువుకుంటారా? బిల్లు తెల్ల కవర్లో వస్తుంది. ఎప్పుడూ అంతే. నేను తెల్ల కవరు కోసం చూస్తూ కూర్చున్నాను.

మొదటి కవర్లో బిల్లు. రెండో దాంట్లో మళ్లీ బిల్లు, ఒక హెచ్చరిక. మూడో దాంట్లో కార్డు రద్దు చేసిన ఉత్తర్వు. పోయిన నెల తేదీ.

రెండు రంగులెందుకు, అన్నిటికీ ఒకే కవరు వాడితే ఖర్చు తగ్గుతుందని నాలుగేళ్ల కిందట ప్రపోజల్ పెట్టింది ఎవరు? నేనే. ఫైలు కదల్లేదు, నేనూ మరిచిపోయాను. నేను దిగిపోయిన మరుసటి నెలలోనే అమలు చేశారు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను గొయ్యి తీయడమే కాకుండా దానికి శాంక్షన్ కూడా తెప్పించుకున్నాను.

మార్చి 7

ఆయనకు చెప్పలేదు.

మార్చి 8

ఇవాళ కూడా చెప్పలేదు. ఆయన రెండుసార్లు నా మొహంలోకి చూశాడు. మందులు టైముకి వేసుకోరేం అని కసిరాను. వేసుకున్నాడు పాపం, అరగంట ముందే.

మార్చి 9

ఆఫీసుకు వెళ్లాను. బయటి వైపు నుంచి వెళ్లడం ఇదే మొదటిసారి. టోకెన్ 64. కౌంటర్ అద్దానికి మాట్లాడే కన్నం నడుం ఎత్తులో ఉంది. ఎవరైనా వంగి మాట్లాడాల్సిందే. లోపల కూర్చున్నన్నాళ్లూ జనం వినయంగా వంగుతున్నారనుకున్నాను.

నా సీట్లో ఇప్పుడు చిన్న మేడమ్ ఉంది. నేను పెద్ద మేడమ్‌ని, ఆమె చిన్న మేడమ్. పని నేర్పింది నేనే. నన్ను చూడగానే లేచి నిలబడింది. మీరు లైన్లో నిలబడడమేంటి మేడమ్ అని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

బకాయి ఇప్పుడు కట్టినా లాభం లేదు. రద్దయిన కార్డు మళ్లీ జనవరిలోనే తెరుస్తారు. ఆపరేషన్ జనవరిదాకా ఆగదు. చేతి డబ్బుతో చేయించాలంటే ఉంటున్న ఫ్లాటు అమ్ముకోవాలి.

రెండు దార్లున్నాయంది. మొదటిది, సరైన కారణం చూపిస్తూ అర్జీ పెట్టడం. కవరు అందలేదని ఒక్క ముక్క రాయండి మేడమ్, మిగతాది నేను చూసుకుంటా అంది గొంతు తగ్గించి. రెండోది, పెన్షన్ ఇవాళే మొదలుపెట్టుకోవడం. అప్పుడు బకాయి, ప్రీమియం అన్నీ పెన్షన్‌లోంచే కోసి, పది రోజుల్లో కార్డు తెరుస్తారు. కానీ ఆ పెన్షన్ ఇక పెరగదు, చచ్చేదాకా అంతే. నేను పోయాక ఆయనకు వచ్చేది కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. అందుకని ఆయన సంతకం కావాలి.

అర్జీ ఫారం తీసుకుని కవరు అందలేదు అని రాశాను. అందలేదంటే పోస్ట్‌మ్యాన్‌కి మెమో వెళ్తుంది. అది కూడా మా రూలే. మా వీధి పోస్ట్‌మ్యాన్ మూడు కవర్లూ నా చేతికే ఇచ్చాడు. మోకాళ్ల నొప్పితో మూడంతస్తులు ఎక్కి మరీ ఇచ్చాడు. వాడికి ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. నా తప్పు తీసుకెళ్లి వాడి నెత్తిన ఎలా రుద్దను?

పోనీ, కవరు అందింది గానీ చదవలేదు అని రాయొచ్చు. అలా నిజం రాసినవాళ్లను నేను ఎంతమందిని తిప్పి పంపానో చిన్న మేడమ్‌కి తెలుసు. ఫారం చింపేసి రెండో ఫారం తీసుకున్నాను.

మార్చి 11

చెప్పాను. ఫారం ముందు పెట్టి సంతకం చెయ్యండి అన్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఎక్కడ అన్నాడు. అంతే. ముప్పై నాలుగేళ్లుగా నేను పెట్టమన్నచోటల్లా పెట్టాడు.

చదివి పెట్టండి అన్నాను. నువ్వు చదివావుగా అన్నాడు. నేను చదవకపోవడం వల్లే ఇదంతా అని చెప్పాను. అప్పుడిక మొదటి నుంచి చివరిదాకా చెప్పాల్సి వచ్చింది. కవర్లు, డ్రాయరు, ఆ బిల్లింగ్ అమ్మాయిని తిట్టడం, ఏదీ దాచలేదు.

ఆయనకు కోపం వచ్చింది. అది ఇన్నేళ్లలో నాలుగోసారో అయిదోసారో. డబ్బుకి కాదు. అయిదు రోజులుగా నీ మొహం చూస్తుంటే, డాక్టర్ నన్ను బయటికి పంపి నీకేదో చెప్పాడనుకున్నాను, నేనిక దక్కనని తేల్చేశాడనుకున్నాను అన్నాడు. రాత్రుళ్లు నిద్రపోయినట్టు నటించాడట. తాళాలు, బ్యాంకు పుస్తకాలు ఎక్కడున్నాయో నాకోసం ఒక కాగితం మీద రాసి పెట్టాడట. ఆ కాగితం తెచ్చి చూపించాడు. గ్యాస్ బుక్ చేసే నంబరు కూడా రాశాడు.

నేను ఏడ్చాను. సిగ్గుతో కొంత, భయంతో కొంత.

తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఫారం అంతా చదివాడు, వేలు పెట్టి, ఒక్కో లైనూ. గంట పట్టింది. అంటే నువ్వు ముందు పోతే నాకు తక్కువొస్తుందన్నమాట అన్నాడు. అవును అన్నాను. అయితే నేనే ముందు పోతే నష్టం లేదుగా అన్నాడు. నోర్ముయ్యండి అన్నాను. సంతకం పెట్టాడు.

మార్చి 12

ఫారం ఇచ్చి వచ్చాను. దార్లో ఆసుపత్రికి వెళ్లి బిల్లింగ్ క్లర్కుకి సారీ చెప్పాను. ఆమెకు నేనెవరో గుర్తు లేదు. రోజుకు పదిమంది అలా తిడతారు మేడమ్ అంది.

మార్చి 21

కార్డు తెరిచారు.

మార్చి 24, ఉదయం 6:20

ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు పదకొండు పేజీల కాగితం ఇచ్చారు. చివరి పేజీలో సంతకం పెడితే చాలు, ఎవరూ చదవరమ్మా అని నర్సు చెప్పింది. కూర్చోమ్మా, నేను చదువుతాను అన్నాను. ఆయన్ని స్ట్రెచర్ మీద తలుపు దగ్గరే ఆపారు. నాలుగో పేజీలో ఉంది, ఏమేం జరగొచ్చో, వందలో ఎంతమందికో. అంకె రాసి ఉంది. దాన్ని రెండుసార్లు చదివాను. ఏముంది అందులో అని ఆయన అడిగాడు.

మామూలేనండీ అన్నాను.