ఓబులమ్మత్త సంతకం

మంగళవారం, రాత్రి

పొద్దున ఆటోలో చూశాను, ఓబులమ్మత్త అరచేతిలో పెన్నుతో తన పేరు మూడుసార్లు రాసుకుంది. మూడు నెలలుగా, గొర్రెలను దొడ్లోకి తోలాక, రాచర్లలో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే నా క్లాసుకు వస్తోంది. ఈరోజు బ్యాంకులో మొదటిసారి సొంత ఖాతా తెరవాలి.

"ఏలిముద్ర ఏయించుకొనే గదా మా మరిది నా చేను రాయించుకున్నాడు. ఇంగ జన్మలో ఎయ్యను పాపా," అంది దారిలో.

కౌంటర్లో క్లర్కు ఆయన సంతకం చెయ్యనివ్వలేదు. "నీ సంతకం అయ్యేలోపు లంచ్ టైమైతాదమ్మా. ఏలిముద్ర ఎయ్యి."

"నేర్చుకున్నా సారూ. ఒక్కసారి రాస్తా."

"కలెక్టరమ్మ వచ్చినాది, జరగండ్రా!" అన్నారెవరో వెనక లైన్లోంచి. అందరూ నవ్వారు. అత్త నావైపు చూసింది. సంతకం చేస్తానంటే ఎవరూ కాదనకూడదని క్లాసులో చెప్పింది నేనే. అక్కడ మాత్రం పక్కకు చూశాను. కాన్వెంటులో చదివిన అన్నేళ్ల చదువు ఎందుకు? అత్త వేలిముద్ర వేసింది.

తిరుగు ఆటోలో అరచేతిని కొంగుతో రుద్దుకుంటూ కూర్చుంది. రేపు క్లాసుకు వస్తుందో రాదో. వస్తే ఏ ముఖం పెట్టుకుని...

స్టాంపు ప్యాడ్ పక్క కౌంటర్లో ఉంది. ఆయన అడగగానే తెచ్చి అత్త ముందు పెట్టింది నేనే.